లంగరుకు దొరికిన సెలవు

నేను ఒక లంగరుని. పన్నెండు కేజీల ఇనుము, రెండు వంకర కొమ్ములు, పుట్టింది విశాఖలో ఒక కమ్మరి కొలిమిలో. నా పని మనుషుల్ని ఆపడం. ఆపితే ఎవరూ మెచ్చుకోరు, ఆపకపోతే మాత్రం అమ్మనా బూతులు తిడతారు.

విహారాలకు అద్దెకిచ్చే తెరచాప పడవలో నా ఉద్యోగం. దాన్ని నడిపేవాడు సరంగు పోలయ్య. సముద్రం చూస్తామని గుంపులుగా వస్తారు, ఫోన్లు చూసుకుని వెళ్ళిపోతారు. నాకు అలవాటే.

ఓ దసరాకి ఒక కాలనీవాళ్ళు పడవ మాట్లాడుకున్నారు. దానికోసం మూడేళ్ళు పోరినవారు జోగినాథం గారు. పోర్టు ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని ముప్ఫైనాలుగేళ్ళు ఓడల రాకపోకలు రాసిన మనిషి, అలల్ని ఆపే రేవు గోడ దాటి సముద్రంలోకి ఒక్కసారీ వెళ్ళలేదు. నీళ్ళ మీంచి ఊరెలా ఉంటుందో చూడాలన్న ఆశ డెబ్బైనాలుగేళ్ళకీ చావలేదు. ఈసారి తప్పితే కాలనీ మళ్ళీ ఎప్పట్లా అరకులోయకే పోతుంది.

అయితే కార్యక్రమం వేసింది సెక్రటరీ గారి భార్య వర్ధనమ్మ గారు. గోడ దాకా వెళ్ళడం, దాటకుండా లంగరు వేయడం, పులిహోర, తంబోలా, ఇంటికి. ఆవిడకు ఎదురుచెప్పే మగాడు ఆ కాలనీలో ఇంకా పుట్టలేదు. జోగినాథం గారు నా పక్కనే కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయారు. నాకు జాలేసింది. ఆయన్ను ఆపబోయేది నేనే మరి.

బయలుదేరే ముందు వర్ధనమ్మ గారు ఆయుధ పూజ చేశారు. నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తెరచాప లేచింది. ఆగలేక పులిహోర దారిలోనే తినేశారు. గోడ దగ్గరపడగానే పోలయ్య నన్ను అందుకోబోయాడు.

"ముట్టకు బాబూ. పూజ చేసిన పనిముట్టు ఇవాళ ముట్టకూడదు," అన్నారు వర్ధనమ్మ గారు.

"పడవకీ పూజయిందిగదమ్మా?"

"అది బండి. బండి నడపొచ్చు. ఇది పనిముట్టు."

పోలయ్య తల గోక్కున్నాడు. "ఆగకూడదంటే గోడ లోపల తిరగడానికి చోటు నేదమ్మా. బైటికే పోవాల."

శాస్త్రం శాస్త్రమే కదా. ఆవిడ సరేనన్నారు. పడవ గోడ దాటింది.

బయట అలలు ఎత్తి కుదేశాయి. పులిహోర తిన్నవాళ్ళంతా తిన్నది తిన్నట్టే సముద్రుడికి నైవేద్యం పెట్టారు. వర్ధనమ్మ గారు కమ్మీని కరుచుకుని, "కాసేపు ఆపించండి అన్నయ్యగారూ, కళ్ళు తిరుగుతున్నాయి," అన్నారు.

"ఆపాలంటే లంగరు ముట్టాలి కదమ్మా," అన్నారు జోగినాథం గారు, ఊరి మీంచి చూపు తిప్పకుండా.

కొండ కనిపించింది, దాని కింద ఊరంతా కనిపించింది. ఆయన తన ఆఫీసు కిటికీ కోసం వెతుక్కున్నారు. దొరికింది. అగ్గిపెట్టెంత ఉంది. "ఇందులోనా ఇన్నేళ్ళు కూర్చున్నాను," అని నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఎవర్నీ ఆపకుండా కూర్చోవడం నాకదే మొదటిసారి, మహా సంతోషంగా ఉండింది.

తర్వాత పడవ పాతబడి ముక్కలైంది. నేను రేవు దగ్గర పాత ఇనుము కొట్టుకు చేరాను. ఏటా దసరాకి జోగినాథం గారు వెతుక్కుంటూ వచ్చి నాకు బొట్టు పెట్టి వెళ్ళేవారు.

మొన్న దసరాకి నన్ను కొలిమికి తీసుకుపోవడానికి లారీ వచ్చింది. అప్పుడే వర్ధనమ్మ గారు ఒక్కరే వచ్చారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొట్టువాడితో అన్నారు: "అన్నయ్యగారు పోతూ పోతూ ఈ పని నాకు అప్పజెప్పారు. ఇవాళ దీన్ని ముట్టకూడదు బాబూ."

లారీ నేను లేకుండానే వెళ్ళిపోయింది.