దాచిన కాగితపు చుట్ట

తాతబాబు పల్సర్ల మీద పరిశోధన మొదలుపెట్టి నాలుగేళ్లయింది. గౌరీశ్వరి చేరి ఎనిమిది నెలలే. అయినా 1979 వేసవిలో డిపార్టుమెంటులో అందరి నోటా ఆమె పేరే.

పల్సర్ అంటే గిరగిరా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక రేడియో తరంగాన్ని మనవైపు విసిరే నక్షత్రం. ఊటీ టెలిస్కోపు వాటిని పట్టి కాగితం మీద గీస్తే, ఆ చుట్టలు రైల్లో విశాఖపట్నం వచ్చేవి. తాతబాబు వేల గీతలను కలిపి సగటు తీసేవాడు. గౌరీశ్వరి అలా కలపలేదు. వరండా పొడవునా కాగితం పరిచి, మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కొక్క గీతనే చూసింది. ఒక నక్షత్రం గీతల్లో ఒక్కోదానికి రెండేసి శిఖరాలు. అంతదాకా మొదటి శిఖరం ఎత్తుగా ఉన్నది, ఉన్నట్టుండి రెండోది ఎత్తయింది. ఆరు నిమిషాలయ్యాక మళ్లీ మొదటికొచ్చింది.

అదే కాగితం ఏడాదిన్నరపాటు తాతబాబు బల్ల మీద ఉంది.

"యంత్రం తప్పేమో అమ్మాయ్," అన్నారు గైడు శ్రీరామ్మూర్తిగారు. "మార్చి నెల చుట్టలోనూ ఇలాగే మారితే అప్పుడు రాద్దాం."

సగటు తీద్దామని తెచ్చుకున్న మార్చి చుట్ట గాజువాకలో తాతబాబు ఇంట్లో ఉంది. ఆ సాయంత్రం విప్పి చూశాడు. ఏమీ ఉండకూడదని కోరుకున్నాడు. సగం దాటేసరికి శిఖరాలు తారుమారై కనిపించాయి.

"ఏట్రా, కూడు సల్లారిపోతంది. ఆ కాయితంలో ఏటుంది?" అంది తల్లి పైడితల్లి.

"ఏటీ లేదమ్మా. కొత్తగా సేరిన అమ్మాయి ఒకటి కనిపెట్టింది."

"మంచిదే కదా. మరి నీ మొకం అలా మాడిపోయిందేటి?"

అతను చుట్టను ట్రంకుపెట్టెలో, చొక్కాల కింద పెట్టేశాడు.

"మార్చి చుట్ట మీరేమైనా చూశారా?" అని గౌరీశ్వరి అడిగింది.

"నాను చూడలేదండీ."

ఆ నక్షత్రాన్ని మళ్లీ పట్టమని ఆమె ఊటీకి ఉత్తరం రాసింది. మళ్లీ వంతు రావాలంటే నాలుగు నెలలు పడుతుందని జవాబొచ్చింది. వరండాలో కాగితాలు చుట్టేస్తున్న ఆమె ముఖం చూసి తాతబాబుకి సంతోషం కలిగింది. ఇంత సంతోషమా అని తనకే భయం వేసింది.

మర్నాడు చుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇంట్లో ఉండిపోయింది."

ఆమె గబగబా విప్పింది. శిఖరాలు మారిన చోట పెన్సిలు టిక్కు ఉంది. చూసిన రోజు చెయ్యి అలవాటుగా పెట్టేసిన టిక్కు!

"మీరు ముందే చూశారన్నమాట."

"చూశాను."

"ఎప్పుడు?"

"తొమ్మిది రోజులైంది."

ఆమె స్కేలు తీసుకుని కొలతలు మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది వ్యాసం అచ్చయింది. చివర్లో, చుట్ట అందించినందుకు తాతబాబుకి కృతజ్ఞతలని ఒక వాక్యం. లైబ్రరీలో దాన్ని రెండుసార్లు చదివాడు. కడుపుమంట ఏమీ తగ్గలేదు. అప్పటికే గౌరీశ్వరి తన చుట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటోంది. తాళంచెవి అడిగే ముఖం అతనికి లేదు.