ఒనోఫ్రియో కట్టిన పాట

నేపుల్స్‌లో కొత్త ఒపెరాకు సంగీతం కట్టినవాడు మొదటి మూడు ప్రదర్శనలకూ తానే హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం ముందు కూర్చోవాలి. జనం చప్పట్లు కొట్టినా, ఈలలు వేసినా మొహం చాటేయడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లుగా సంగీతకర్త తెర్లిట్సి దర్జాగా కూర్చున్న ఆ కుర్చీలో ఈసారి ఆయనకు ముళ్ల మీద ఉన్నట్టుంది.

దానికి కారణం రెండో అంకంలో కథానాయిక ఏడుస్తూ పాడే పాట. ఒపెరాలో ఏడుపును కూడా తీయగా పాడించడం నేర్పింది తెర్లిట్సీయేనని ఊరంతా చెప్పుకునేది. కానీ ఈ ఏడుపు ఆయనది కాదు. మొదటి ప్రదర్శనకు వారం రోజులుందనగా ఆయన జ్వరంతో మంచం పట్టాడు. పదేళ్లుగా రెండో హార్ప్సికార్డ్ వాయిస్తున్న శిష్యుడు ఒనోఫ్రియో రెండు రోజుల్లో ఆ పాట కట్టిచ్చాడు. "పేరు సంగతి తర్వాత చూద్దాంలేరా" అన్నాడు పెద్దాయన. ఆ 'తర్వాత' అనేది రాలేదు. రానిస్తే కదా! ప్రేక్షకులకు అమ్మే పాటల పుస్తకంలో ఆయన పేరొక్కటే అచ్చయింది.

మొదటి ప్రదర్శనలో జనం ఆ పాటను మూడుసార్లు పాడించుకున్నారు. ఆయన సొంత పాటలు వస్తున్నప్పుడు మాత్రం తమ బాక్సుల్లో శుభ్రంగా భోంచేస్తూ పేకాడుకున్నారు. రెండోదాంట్లోనూ అదే వరస. తప్పు చేశానని తెర్లిట్సికి తెలుసు. ఒప్పుకుంటే ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుందని భయం. ఎదురుగా ఒనోఫ్రియో తల వంచుకుని వాయిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాడు.

మూడో ప్రదర్శనలో ఆ పాట అయి చప్పట్లు మొదలవగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆపండయ్యా! ఈ పాట నాది కాదు, ఒనోఫ్రియోది. నేను దొంగిలించాను!"

చప్పట్లు ఆగాయి. పై వరుసలోంచి ఎవరో అరిచారు.

"ఎంత గొప్ప మనసండీ! శిష్యుణ్ణి పైకి తేవడానికి తనను తానే దొంగనంటున్నాడు!"

అంతే, జనం లేచి నిలబడ్డారు. "ఒట్టయ్యా, నిజం!" అని ఆయన మొత్తుకున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. వేదిక మీద గాయని బ్రిజిదా కళ్లు తుడుచుకుంది.

"ఇలాంటి గురువు నీకెక్కడ దొరుకుతాడయ్యా ఒనోఫ్రియో? వెళ్లి చెయ్యి ముద్దుపెట్టుకో!"

ఒనోఫ్రియో వచ్చి, వంగి, ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాడు.

"చెప్పాను కదరా... అందరి ముందూ చెప్పాను కదా" అన్నాడు తెర్లిట్సి.

"చెప్పారు గురువుగారూ. నిన్నటిదాకా నేను చెప్పుకుంటే నమ్మేవాళ్లు ఒకరిద్దరైనా ఉండేవాళ్లు" అన్నాడు ఒనోఫ్రియో.