కళ్ళెక్కడికి పోతాయి

బీన్సుకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కోడలు పిల్లను భుజాన వేసుకుని, ఆస్పత్రి చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“అత్తయ్యా, ఇవాళ పాపకి కంటి పరీక్ష. పదకొండింటికల్లా వెళ్ళాలి.”

ఆ రోజే మా అమ్మాయి అత్తవారు భోజనానికి వస్తున్నారు. ఎనిమిది మంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

“కళ్ళెక్కడికి పోతాయే? వచ్చే వారం చూపిద్దాంలే. ముందు ఆ ఉల్లిపాయలు తరుగు,” అన్నాను.

ఆగకుండా మాట్లాడతానని ఇంట్లో అందరూ నన్ను రేడియో అంటారు. నా పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ మాట అన్నప్పుడు కోడలి ముఖం ఎలా ఉందో గుర్తులేదు. చూస్తేగా గుర్తుండడానికి!

మనవరాలు ఏడో నెలలోనే పుట్టింది. కిలో కూడా తూగలేదు. గుప్పెడు అని పిలుచుకున్నాం. రెండు నెలలు గాజుపెట్టెలో ఉంది. పరీక్షలకని రోజూ కాస్త కాస్త రక్తం తీసేవారు. ఆ ఒంట్లో ఉన్నదే ఎంత గనక! మూడుసార్లు బయటి రక్తం ఎక్కించారు. మొదటిసారి ఎక్కించిన నాడు, ఆస్పత్రి వరండాలో నలుగురూ వింటుండగా, “నెలలు నిండా మోయలేకపోయావు, కాస్త రక్తమైనా సరిగ్గా ఇవ్వలేకపోయావా బిడ్డకి?” అన్నాను కోడలితో. ఉన్న ఒక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను కడుపు మీది పచ్చికుట్లు పట్టుకుని గోడకానుకుని ఉంది.

ఇంటికి పంపేటప్పుడు, కళ్ళు ఇంకా ఎదగాలి, వారం వారం చూపించండి అన్నారు. ఒక వారం చుట్టాలు. తర్వాతి వారం నా మోకాళ్ళు. ఆ పై వారం మావాడి ఆఫీసులో తనిఖీ, పెందలాడే క్యారేజీ కట్టాలి. కోడలు అడిగినప్పుడల్లా మావాడు, “అమ్మ నలుగురిని పెంచింది, ఆవిడకి తెలీదా?” అనేవాడు. ఆ మాట నాకెంత తియ్యగా ఉండేదో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నాలుగో వారం నర్సు ఫోను చేసి కేకలేస్తే అందరం పరుగెత్తాం.

డాక్టరమ్మ పిల్ల కళ్ళలో చుక్కలు వేసి, నెత్తిన లైటు పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఎడమ కన్ను దక్కుతుంది. ఈ రోజే లేజర్ చేస్తాం. కుడి కంట్లో వెనక పొర ఊడిపోయింది. ఆపరేషన్‌కి పంపుతాను గానీ, చూపు వస్తుందని మాటివ్వలేను.”

“ఆ బయటి రక్తం వల్లేనా అమ్మా?” అన్నాను. తప్పు ఇంకెవరి మీదికైనా పోతుందేమోనని.

“అది ఎక్కించకపోతే బతికేది కాదు మామ్మగారూ. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఎదగడానికి కావలసినవి తల్లి నుంచి అందుతుంటాయి. గ్రోత్ ఫ్యాక్టర్లంటాం. ముందే పుడితే అవి తగ్గిపోయి, కంట్లో రక్తనాళాలు సగంలో ఆగిపోతాయి. ఆ తర్వాత దారీతెన్నూ లేకుండా అల్లుకుపోయి, వెనక పొరని లాగేస్తాయి. పెద్దవాళ్ళ రక్తం ఎక్కించిన పిల్లలకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే గదా వారం వారం రమ్మన్నది! వచ్చి ఉంటే రెండు కళ్ళూ దక్కేవేమో.”

మావాడు కోడలి మీద విరుచుకుపడ్డాడు. “తల్లివేనా నువ్వు? చీటీ చేతిలో పెట్టుకుని ఏం చేస్తున్నావ్?”

ఆమె నా పేరు చెప్పలేదు. నా వైపైనా చూడలేదు. పిల్ల చెంపల మీద కారిన మందు కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. నేను నా చెప్పుల వంక చూసుకుంటున్నాను.

డాక్టరమ్మ ఏదో రాసి, సంతకం పెట్టమని కాగితం మావాడి ముందుకు జరిపింది. నా చదువు మూడో తరగతి. వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ‘తల్లి సమయానికి తీసుకురాలేదు.’

గుప్పెడు పెద్దదవుతుంది. ఆ ఒక్క కంటితో ఏదో ఒకనాడు ఈ కాగితం చదువుతుంది.

“అది కొట్టెయ్యండమ్మా,” అన్నాను. “తల్లి బయల్దేరింది, నానమ్మ వెళ్ళనివ్వలేదు అని రాయండి. సంతకం నేను పెడతాను.”

“అమ్మా! నువ్వూరుకో,” అన్నాడు మావాడు.

కోడలు తలెత్తింది. ఈసారి ఆ ముఖం చూశాను. అందులో నా మీద జాలీ లేదు, క్షమా లేదు. పెన్ను అందుకున్నాను.