కర్మన్‌ఘాట్‌లో ఆగిన కారు

కోర్టు నుంచి మనిషి వచ్చేసరికి విజయ్‌కుమార్ ఒక పెళ్లివారికి చీరలు పరిచి చూపిస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఉన్న ఆ బట్టల దుకాణంలో పొద్దున్నుంచీ గిరాకీ బాగానే ఉంది. వచ్చినవాడు అతని పేరు అడిగి, తండ్రి పేరు అడిగి, సంతకం చేయించుకుని, కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఫైనాన్స్ కంపెనీ దావా వేసింది. కారు మీద తీసుకున్న అప్పులో మిగిలింది వడ్డీతో సహా కట్టాలట. విజయ్ మొదటి పేజీ చదివి, కట్టను కౌంటర్ కింది అరలోకి తోసేశాడు.

"గిది చూడుండ్రి అమ్మా, ఈ అంచు మా ఊరి పనే" అంటూ ఇంకో చీర విప్పాడు. లోపల ఏమీ కదల్లేదు.

తండ్రి పోయినప్పటి నుంచీ అతను అలాగే ఉన్నాడు. పెట్టింది తింటాడు, దుకాణానికి పోతాడు, వచ్చి పడుకుంటాడు. ఏడవలేదు. దినాలనాడు చుట్టాలు తనను పట్టుకుని ఏడుస్తుంటే, తనే వాళ్ల వీపు నిమిరాడు.

వాళ్లది పోచంపల్లి పక్క మగ్గాల ఊరు. తండ్రి అంతయ్య మగ్గం మానేసి పట్నం వచ్చి, అల్మాస్‌గూడలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. చీరల మూటలు మోసుకుపోయి దుకాణాలకు వేసేవాడు. "ఎన్నొద్దులు ఒకని కింద జీతం జేస్తవ్‌రా, కారు దీసుకొని కిరాయికి నడుపుకో" అని ఆ మాట మొదట ఎత్తింది ఆయనే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర హైవే పక్కన పాత కార్లు అమ్మే యార్డులో ఒక తెల్ల కారు నచ్చింది. యార్డు యజమానే ఫైనాన్స్ కంపెనీ మనిషిని పిలిపించాడు. ఆ మనిషి కారు చుట్టూ ఒకసారి తిరిగి, కండిషన్ బాగుందని రాసుకున్నాడు. అప్పు అక్కడే మంజూరైంది. కారు లోపల తల తిరిగేంత సెంటు వాసన. అంతయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, ముందు సీట్లో కూర్చుని ఎల్బీనగర్ చౌరస్తా దాకా తిరిగి వచ్చాడు.

నెల తిరక్కముందే ఒక ఉదయం ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. వెనక సీట్లో భార్య కౌసల్య ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. విజయ్ కారు తీశాడు. కర్మన్‌ఘాట్‌కు వచ్చాక కారు ఆగిపోయింది. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. వెనక బండ్లవాళ్లు హారన్ల మీద హారన్లు కొట్టారు. ఎవరో పుణ్యాత్ముడు ఆటో ఆపి, అంతయ్యను ఎత్తి కూర్చోబెట్టాడు. విజయ్ డ్రైవరు పక్కన సందు చేసుకుని కూర్చున్నాడు. దవాఖానకైతే చేరారు గాని, మధ్యాహ్నానికి అంతయ్య పోయాడు. ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడా అని విజయ్ భార్య అరుణశ్రీ డాక్టరును అడిగింది. చెప్పలేమమ్మా అన్నాడాయన.

తర్వాత కారును కొత్తపేటలో మెకానిక్ దగ్గరికి లాగించారు. అతను కాళ్ల దగ్గరి కార్పెట్ లేపాడు. కింద ఎండిన ఒండ్రుమట్టి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద చార.

"ఇది వరదల మునిగిన బండి అన్నా. వైర్లన్నీ తుప్పువట్టినయ్. కడిగి, సెంటు గొట్టి నీకు అంటగట్టిండ్రు."

విజయ్ కారును యార్డుకు చేర్పించి, తాళాలు బల్ల మీద పెట్టాడు. "ఫైనాన్సోళ్లతోని నేను మాట్లాడుకుంట, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు యజమాని. కొన్నాళ్లకు యార్డుకే తాళం పడింది. కంపెనీవాళ్లు కారు తీసుకుపోయి ఎవరికో అమ్ముకున్నారు. ఆ డబ్బు పోగా మిగిలిన అప్పుకే ఇప్పుడీ దావా.

రెండు వారాల తర్వాత దుకాణం సేటు ఆ కట్టను చూసి అరుణశ్రీకి ఫోన్ చేశాడు. భర్త ఇంటికి రాగానే ఆమె అడిగింది.

"కోర్టు కాగితం ఒస్తే నాకు చెప్పవా?"

"ఏముంది చెప్పనీకి. కట్టుమంటున్నరు, కడదాం."

"ఏం వెట్టి కడ్తవ్? మనం పోకుంటే వాళ్లు చెప్పిందే ఖాయం జేస్తరంట. రేపు నీ జీతంల పట్టుకుంటరు."

"నాయిన పోయిన బండి అరుణా అది. దాని మీద పైసల పంచాయితీ వెట్టుకోబుద్ధి గాదు."

చాలా రోజుల తర్వాత అతను ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడాడు. అయినా మర్నాడు అరుణశ్రీ అతన్నీ, అత్తనూ వెంటబెట్టుకుని ఎల్బీనగర్ కోర్టుకు పోయింది. లేనివాళ్లకు అక్కడ ఫీజు లేకుండా లాయరును ఇస్తారని ఎవరో చెప్పారు.

వాళ్లకు ఇచ్చిన లాయరు పేరు స్వప్న. చిన్న వయసే, గొంతు మాత్రం గట్టిది. దావా కాగితాలు ముందేసుకుంది.

"ఒక్కో పేరా చదువుత అన్నా. నిజమైతే నిజమనుండ్రి, లేకుంటే కాదనుండ్రి. మీరు కాదనకుంటే ఒప్పుకున్నట్టే."

కారు కొన్నది నిజమే. అప్పు తీసుకున్నది నిజమే. వాయిదాలు ఆపింది నిజమే. తల వంచుకుని అన్నిటికీ నిజమే, నిజమే అంటూ పోయాడు. స్వప్న తర్వాతి పేరా చదివింది. "ప్రతివాది సదరు వాహనాన్ని పూర్తిగా పరీక్షించి, తృప్తి చెంది, కిరాయికి నడిపి లాభము పొంది, బుద్ధిపూర్వకముగా వాయిదాలు ఎగవేసెను."

ఆమె కలం పట్టుకుని ఎదురుచూసింది.

"అబద్ధం" అన్నాడు చివరికి.

"ఏది అబద్ధం?"

"లాభం."

అక్కణ్నుంచి చెప్పుకుపోయాడు. నొప్పి, కర్మన్‌ఘాట్, ఆటో, కార్పెట్ కింద ఒండ్రు. ఎవరింట్లోనో జరిగింది చెబుతున్నట్టు, ఎక్కడా గొంతు పెరగలేదు, తగ్గలేదు. మధ్యలో స్వప్నే రాయడం ఆపింది.

"నీళ్లు తాగుతరా అన్నా?"

"వద్దు మేడం. రాసుకోండ్రి."

గడువులోపలే ఆమె జవాబు దాఖలు చేసింది. కారు వరదలో మునిగిందని, బాగుందని రాసింది కంపెనీ మనిషేనని, అమ్మేముందు విజయ్‌కు కబురైనా చేయలేదని అందులో రాసింది. మెకానిక్‌ను సాక్షిగా పిలిపించింది. వాయిదా మీద వాయిదా నడిచింది. విజయ్ ప్రతిసారీ పోయి బల్ల మీద కూర్చునేవాడు, పిలుపయ్యాక దుకాణానికి వచ్చి చీరలు మడతపెట్టేవాడు. ఏమైందని సేటు అడిగితే, మళ్లీ వాయిదా పడ్డదనేవాడు.

ఒకనాడు కౌసల్యను సాక్షిగా పిలిచారు. జడ్జి ఆమెకు కుర్చీ వేయించాడు. కంపెనీ లాయరు కోస్తా వైపు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ రోజు మీ ఆయన్ని ఆ కార్లోనే ఎక్కించారు కదమ్మా?"

"ఎక్కిచ్చినం సారూ."

"అంటే బండి బాగానే నడుస్తున్నట్టే కదా. పాడైన బండైతే ఆసుపత్రికి ఎలా బయలుదేరతారు?"

కౌసల్య ఆయన ముఖంలోకి చూసింది.

"బయలెల్లింది సారూ. చేరలే."

టైపు చేసేవాడు చేతులాపి జడ్జి వైపు చూశాడు. "ఆమె అన్నది అన్నట్టే రాయి" అన్నాడు జడ్జి. లాయరు ఇంక అడిగేదేమీ లేదని కూర్చున్నాడు. వెనక బల్ల మీదున్న విజయ్‌కు అమ్మ చేతులు కుర్చీ కర్రను ఎంత గట్టిగా పట్టుకున్నాయో కనిపించింది. ఆ చేతులు పట్టుకోవాలని గాని, లేచి బయటికి పోవాలని గాని అనిపించలేదు. కూర్చునే ఉన్నాడు.

వేసవి సెలవులకు ముందు తీర్పు వచ్చింది. మునిగిన బండిని సరిగా చూడకుండానే బాగుందని రాసి అప్పిచ్చారని, చెప్పకుండా అమ్ముకున్నారని జడ్జి దావా కొట్టేశాడు. అరుణశ్రీ స్వప్న భుజం మీద తల పెట్టి ఏడ్చింది. విజయ్ ఒక్కటే అడిగాడు.

"ఇంక రావాల్నా మేడం?"

"వద్దన్నా. వాళ్లు పై కోర్టుకు పోతే నేనే చెప్త. పోరనే అనుకుంటున్న."

అతను దండం పెట్టాడు. సంతోషించాలి కాబోలు అనుకున్నాడు గాని, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

పిల్లను బడి నుంచి తేవాలని అరుణశ్రీ ముందే వెళ్లిపోయింది. తల్లీకొడుకులు నడుచుకుంటూ ఎల్బీనగర్ బస్టాపుకు వచ్చారు. ఎండ మండిపోతోంది. ఫ్లైఓవర్ నీడలో నిలబడ్డాక కౌసల్య అంది.

"ఆనాడు ఆటోల మీ నాయిన ఏమన్నడో నువ్వెన్నడడగలే."

ముందు సీట్లో కూర్చున్న విజయ్‌కు ఆటో చప్పుడులో ఏమీ వినపడలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగనూ లేదు.

"ఒక్కటే మాటన్నడు. కారు రోడ్డు మీద ఇడిసొచ్చినం, పోరడు తాళం ఏసిండా అన్నడు."

విజయనగర్ కాలనీకి పోయే బస్సొకటి వచ్చి ఆగింది, జనం ఎక్కారు, పోయింది.

"ఏసిన" అన్నాడు విజయ్. ఆ మాట అతనికే వినపడలేదు. మళ్లీ అన్నాడు, "ఏసినమ్మా."

"ఏసే ఉంటడు, నువ్వు పరేషాన్ గాకు అని చెప్పిన. ఇన్నడు, కండ్లు మూసుకున్నడు."

కొడుకు కింది పెదవి వణుకుతోంది. కౌసల్య అతని మోచేయి పట్టుకుని, వచ్చే బస్సు నంబరు చూస్తున్నట్టు ముఖం అటు తిప్పుకుంది.