నాకు తెలిసిన బొటనవేలు

నేను ఒక చవకరకం స్మార్ట్‌ఫోన్‌ని. నా వీపున నాలుగు కెమెరాలు కనిపిస్తాయి. వాటిలో రెండు ఉత్తుత్తివి, అందానికి అతికించినవి. ఆ సంగతి పెట్టె మీద రాయలేదు. వాటి కింద వేలు పెట్టడానికి గుండ్రటి గుంట ఒకటుంది. అది మాత్రం నిఖార్సుగా పనిచేస్తుంది. నా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది కనక ముందే చెప్పేస్తున్నాను.

నన్ను కదిరిలో ఒక సెల్ షాపులో కుళ్ళాయమ్మ కొన్నది. అప్పటికామెకు పంతొమ్మిదేళ్ళు. దగ్గర్లో పల్లె. వాళ్ళమ్మతో కలిసి విత్తనం వేరుశనగ ఒలవడానికి కూలికి పోయేది. మిషన్లో వేస్తే గింజ చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని విత్తనాన్ని చేత్తోనే ఒలిపిస్తారు. అలా ఒలిచి ఒలిచి దాచుకున్న కూలి డబ్బులే నా ఖరీదు.

షాపతను నా గుంట మీద ఆమె వేలు పెట్టించాడు. నేను గుర్తుపట్టలేదు. మళ్ళీ ప్రయత్నించండి, అన్నాను. చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పది వేళ్ళూ అయిపోయాయి. ఆ పిల్ల వేళ్ళ మీద గీతలుంటే కదా! శనక్కాయ డొప్పలు వాటిని ఎప్పుడో అరగదీసేశాయి.

"రేషన్ షాపులో గూడా ఇంతేనన్నా. మా చెల్లి వచ్చి ఏలు పెడితేనే బియ్యం ఇస్తాడు" అని నవ్వింది. షాపతను చుక్కలు కలిపి గీత గీసే తాళం పెట్టిచ్చాడు. ఇంటికి పోగానే ఆమె చెల్లెలు గంగరత్న మేకపిల్లను ఎత్తుకుంటే ఫొటో తీసి, నా ముఖం మీద పెట్టుకుంది.

ఆ తర్వాత మధు వచ్చాడు. వచ్చాడంటే మనిషి కాదు, మెసేజీ. బెంగళూరులో బట్టల షాపులో అమ్మాయిలు కావాలట, తిండీ వసతీ వాళ్ళదేనట. మధు ఆమెను "మీరు" అనేవాడు. ఒలుపు దగ్గర అప్పటిదాకా ఆమెను ఎవరూ మీరు అని ఎరగరు. గౌరవం అంత చవకగా దొరికే సరుకని ఆమెకేం తెలుసు?

బెంగళూరు బస్టాండుకు మధు రాలేదు. జానకి వచ్చింది. పసుపు ముఖం, పెద్ద బొట్టు, చూస్తే పేరంటానికి పిలవడానికి వచ్చినట్టుంది. "అక్కా అని పిలువమ్మా నన్ను" అంది. కుళ్ళాయమ్మ పాపం పిలిచింది. అపార్ట్‌మెంటులోకి అడుగుపెట్టగానే ఆ అక్క మొదట లాక్కున్నది నన్ను. రెండు దెబ్బలు వేసి గీత ఏమిటో చెప్పించుకుంది. తలుపుకు బయటినుంచి గడియ పెట్టింది. తర్వాత సోఫాలో కూర్చుని, ప్రతిసారీ గీత గీయడానికి బద్ధకమేసి, తన బొటనవేలు నాకు నేర్పింది. చక్కటి వేలు. మొదటిసారికే పట్టేశాను.

ఆ తర్వాత జరిగింది నేను విడమరిచి చెప్పను. కుళ్ళాయమ్మకు ఇంకో పేరు పెట్టారు. ఆమె ఫొటోలు నా మీదుగానే పోయాయి, బేరాలు నా మీదుగానే వచ్చాయి. తెల్లారగానే దేవుడి పటంతో శుభోదయం పంపే పెద్దమనిషి, పొద్దుగూకాక వంకాయల్లో పుచ్చులు ఏరినట్టు ఫొటోలు ఏరేవాడు. డబ్బులు కుళ్ళాయమ్మ బ్యాంకు ఖాతాలోనే పడేవి. పడినవి పడినట్టు జానకి నాలోనుంచే వేరే చోటికి పంపేసేది. తన పేరు ఎక్కడా కనపడకూడదని ఆమె పట్టుదల. అంత జాగ్రత్త గల మనిషి, తాళానికి మాత్రం తన వేలే పెట్టుకుంది.

బిడ్డ కనపడటం లేదని వాళ్ళమ్మ కదిరిలో ఫిర్యాదు ఇచ్చింది. పోలీసులు వెతుక్కుంటూ పోయి తలుపు తీశారు. జానకిని అరెస్టు చేసి, కుళ్ళాయమ్మను హోముకు పంపి, నన్ను గుడ్డలో చుట్టి లక్క ముద్ర వేశారు. ఊళ్ళో అందరూ నన్నే తిట్టారట. ఫోను వల్లే పిల్ల చెడిపోయిందన్నారు. మధును ఒక్కరూ తిట్టలేదు. అతని ముఖం ఎవరూ చూళ్ళేదు కదా!

కోర్టులో కేసు సొత్తు దాచే గదిలో నాకు అటు వేటకొడవలి, ఇటు సారా క్యాను. ఆ గది గుమస్తా సుదర్శనం. ఆయుధపూజకు ఆయన ఆ గదిలో అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, హారతి ఇస్తాడు. ఒకర్ని నరికిన కొడవలికీ బొట్టే, నాకూ బొట్టే. బయటి సంగతులు నాకు తెలిసేవి ఆయన కబుర్లలోనే.

హోములో కుళ్ళాయమ్మకు కొవ్వొత్తులు చేయడం నేర్పారట. ఇంటికొచ్చాక వాటిని కొనే దిక్కులేక మళ్ళీ ఒలుపుకే పోయింది. ఇలాంటి బాధితులకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, న్యాయసేవల ఆఫీసులో పనిచేసే రహమత్‌బీ అనే ఆమె వెతుక్కుంటూ వెళ్ళి చెప్పింది. "నువ్వు తప్పు చేసి తీసుకునేది కాదు, నీకు తప్పు జరిగినందుకు ఇచ్చేది" అని నచ్చజెప్పింది. కుళ్ళాయమ్మ ఆమెను "మేడం" అనేది. రహమత్‌బీ ఎంత బతిమాలినా అక్కా అనలేదు. ఆ మాట ఆమె నోట్లో జానకితోనే చచ్చిపోయింది.

కుళ్ళాయమ్మకు ఒకటే కోరిక. ఒలుపు మానేసి, కదిరి బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకోవాలి. మధ్యంతర పరిహారం మంజూరైంది కూడా. ఎక్కడికి పంపారయ్యా అంటే, ఆమె పేరున ఉన్న ఒకే ఒక్క ఖాతాకు. ఆ ఖాతాను కేసులో స్తంభింపజేశారు. దాంతో జానకి తరలించేలోపు చిక్కుకున్న ఆ పెద్దమనుషుల డబ్బూ, ఆ పెద్దమనుషుల వల్ల వచ్చిన పరిహారమూ ఒకే గూట్లో పక్కపక్కన కూర్చున్నాయి. రెంటినీ ముట్టుకోవడానికి ఆమెకు వీల్లేదు.

జానకి బెయిలు మీద బయటే ఉంది. ఆమె తరఫు ప్లీడరు దీన్ని పట్టుకున్నాడు. ఖాతా కుళ్ళాయమ్మది, ఫోను కుళ్ళాయమ్మది, కాబట్టి ఆమె బాధితురాలు కాదు, భాగస్వామి, పరిహారం వెనక్కి తీసుకోవాలి అని పిటిషన్ వేశాడు. దాని విచారణకే చాన్నాళ్ళకు నేను వెలుతురు చూశాను.

సుదర్శనం ముద్ర పగలగొట్టి, తన ఇంటి చార్జరు తెచ్చి పెట్టాడు. నాకు ప్రాణం వచ్చేదాకా కోర్టంతా కాచుకుంది. ఆరిపోయి లేచాక మొదటిసారి గీత గీయందే నేను ఏ వేలినీ ఒప్పుకోను కనక, ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళు కనుక్కున్న గీతతో ఒకసారి తెరిచి, మళ్ళీ లాక్ చేశారు.

"ఆమె వేలితో తెరుచుకుంటుంది, చూడండి మేడం" అన్నాడు ప్లీడరు ధీమాగా.

కుళ్ళాయమ్మ బోనులోంచి వచ్చి వేలు పెట్టింది. మళ్ళీ ప్రయత్నించండి, అన్నాను. ఆమె వేళ్ళన్నీ పెట్టింది. అయ్యో తల్లీ, నన్ను కూలితో కొన్న పిల్లవి, నీకు తెరుచుకోలేకపోతున్నానే అని నాకు ఎంత సిగ్గేసిందో! తెరుచుకోకపోవడమే ఆ పూట ఆమెకు మేలని నాకు తట్టలేదు. ఫోన్లకు ముందుచూపు ఉండదు.

"వేళ్ళు ఇప్పుడు అరిగాయేమో. అప్పుడు బాగానే ఉండి ఉండొచ్చు" అన్నాడు ప్లీడరు.

"అప్పుడూ ఇంతే సార్. సిన్నప్పట్నుంచి శెనక్కాయలే ఒలుస్తాండా" అని కుళ్ళాయమ్మ రెండు చేతులూ చాపింది. వేళ్ళ కొసలు గాజు గోళీల్లా నున్నగా ఉన్నాయి.

జడ్జిగారు ఆ చేతుల్ని చూసి, జానకి వైపు తల తిప్పింది. "జానకిగారూ, మీరొకసారి రండి."

ప్లీడరు అభ్యంతరమన్నాడు. "వేలిముద్రే కదండీ, స్టేషన్లో పదీ ఇచ్చారుగా. ఇది పదకొండోది" అంది జడ్జిగారు. జానకి వచ్చి, వేడి పెనం ముట్టుకున్నట్టు బొటనవేలు ఆనించింది. నేను ఠక్కున తెరుచుకున్నాను. తెలిసిన వేలు మరి, నేనేం చేసేది?

తెర మీద గంగరత్న మేకపిల్లతో నవ్వుతోంది. జానకికి ఆ ఫొటో మార్చడానికి కూడా బద్ధకమే. దాన్ని చూడగానే కుళ్ళాయమ్మ అక్కడే చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు.

పిటిషన్ కొట్టేశారు. మధ్యంతర పరిహారాన్ని విడిపించి, కొత్తగా తెరిచిన పోస్టాఫీసు ఖాతాకు పంపమన్నారు. ఏడాది తిరిగాక కేసు తేలింది. జానకికి శిక్ష పడింది, కుళ్ళాయమ్మకు మిగతా పరిహారం వచ్చింది. మధు అనేవాడు ఇప్పటికీ దొరకలేదు. ఈపాటికి ఇంకెవర్నో మీరు అంటూ ఉంటాడు.

నన్ను సొంతదారుకు అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. కుళ్ళాయమ్మ రహమత్‌బీతో కలిసి వచ్చింది. ఒంట్లోంచి బజ్జీల వాసన. మొదటి డబ్బుతోనే బండి పెట్టేసిందని అప్పుడే తెలిసింది నాకు.

"ఏమిటికమ్మా ఈ పీడ? ఇక్కడే పగలగొట్టించేస్తాలే" అన్నాడు సుదర్శనం.

"నా కూలితో కొన్నా సార్ దాన్ని. నేనేమిటికి ఇడిసిపెట్టల్ల?" అని ఆమె నన్ను కొంగున చుట్టుకుంది.

రహమత్‌బీని వెంటబెట్టుకుని తిన్నగా ఆ పాత సెల్ షాపుకే తీసుకుపోయింది. గంగరత్న ఫొటో ఒక్కటి పక్కన దాయించి, మిగతాదంతా తుడిపించేసింది. బేరాలు, ఫొటోలు, జానకి బొటనవేలు అన్నీ పోయాయి. అంతా తుడిచేస్తే ఈ కథ నీకెట్లా గుర్తుందని అడక్కండి. అలాంటి ప్రశ్నలు కోర్టులో కుళ్ళాయమ్మను చాలానే అడిగారు.

షాపతను అలవాటుగా వేలు పెట్టమన్నాడు.

"తీసుకోదులే అన్నా, గీతే పెట్టు."

"పెట్టి చూడమ్మా, పోయేదేముంది?"

పెట్టింది. ఏడాదికి పైగా బొరుగులు నీళ్ళల్లో నానబెట్టి పిండిన వేలు. డొప్ప తగలని వేలు. దాని మీద సన్నగా, కొత్తగా గీతలు మొలిచాయి. నేను మళ్ళీ ప్రయత్నించండి అనలేదు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ నేర్చుకుని, పచ్చటి గుర్తు చూపించాను. తాళం వేసి మళ్ళీ పెట్టింది. తెరుచుకున్నాను.

కుళ్ళాయమ్మ బొటనవేలిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. తర్వాత గట్టిగా అరిచింది.

"అక్కా! ఇట్రా, సూడు! నా ఏలే!"

రహమత్‌బీ నన్ను చూడలేదు. ఆ పిలుపుకే కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయింది. కుళ్ళాయమ్మ ఇదేమీ గమనించలేదు. బండి దగ్గరికి పోయేదాకా దారి పొడుగునా నాకు తాళం వేస్తూ, తీస్తూనే ఉంది.