నా ఎదుగుదలకు బహుమతి

మా కంపెనీ కంప్యూటర్ ఆటలు తయారు చేస్తుందని పేరు. నేను చేరినప్పటి నుంచి చూస్తున్నాను, ఒక్క ఆట తయారైతే ఒట్టు! చిన్న కంపెనీలు చేసిన ఆటల్ని కొంటారు, నాలుగు రోజులు రంగులు పూస్తారు, ఆ తర్వాత మూసేస్తారు. ఆటల పిచ్చితో దేశం కాని దేశం వచ్చి ఈ ఉద్యోగంలో చేరాను. తీరా చూస్తే ఆ భవనంలో ఆటలాడేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా ఆటల గురించి మీటింగులు పెట్టుకుంటారు.

ఈ మధ్య మనుషుల్ని ఎదిగించడానికంటూ ఒక కోచ్‌ను తెచ్చారు. ఆవిడ వస్తూనే అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టించింది. వీడియో చూడాలి, చివర్లో 'నేను ఎదిగాను' అన్న బటన్ నొక్కాలి. నొక్కితే పాయింట్లు. పాయింట్లు పెరిగేకొద్దీ మొలక, మొక్క, మాను అని స్థాయిలు. ఎవరెంత ఎదిగారో గోడ మీది పెద్ద తెర పొద్దస్తమానం చూపిస్తూనే ఉంటుంది. ఇద్దరు బిడ్డల తండ్రి మా అకౌంట్సాయన. పాపం, మొలక దగ్గరే ఆగిపోయి, ఆ తెర ముందు నుంచి వెళ్ళడానికే మొహం చెల్లక వెనక మెట్లు ఎక్కేవాడు.

ఆటగాడికి పాయింట్లు చూపించకూడదు. అవెందుకని వాడు అడగడు, ఎలా కొట్టాలా అని చూస్తాడు. నేనూ అంతే. వీడియోను చివరికంటా లాగేసి, బటన్ నొక్కి, మూసి, మళ్ళీ అదే తెరిస్తే ఆ దిక్కుమాలిన యాప్ మళ్ళీ పాయింట్లిస్తోంది! ఇంకేముంది, అన్నం తింటూ నొక్కాను, లిఫ్టులో నొక్కాను, మేనేజరు మాట్లాడుతుంటే బల్ల కింద నొక్కాను. సహనం గురించిన వీడియో అన్నిటికన్నా చిన్నది కాబట్టి దాన్నే ఎక్కువగా లాగాను. వారం తిరిగేసరికి ఆఫీసు మొత్తానికి నేనే మాను.

కోచ్ నన్ను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించింది.

"మీలో ఇంత మార్పు ఎలా వచ్చింది?"

"లోపలికి చూసుకున్నానండీ," అన్నాను. నా మొహం! ఎక్కడ చూసుకున్నానో నాకే తెలియదు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. సొంత ఊళ్ళో టైలరింగ్ షాపు నడుపుతుంది. ఫోన్ చేస్తే మా ఇద్దరి సంభాషణ ఇంతే: "తిన్నావా?" "తిన్నా." "ఎండలెలా ఉన్నాయ్?" "ఉన్నాయ్." "సరే, ఉంటా మరి." కానీ ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆటలోకి వచ్చిందంటే ఆ మనిషే వేరు. ఊరు కట్టుకునే పాత ఆట అది, నేనే నేర్పాను. అందులో మాకో ఇల్లు, పెరడు, నాలుగు వంగ మొక్కలు ఉన్నాయి. చుట్టూ చూపించే కెమెరా తిప్పడం రాదు గనక, "నువ్వు ముందు నడువురా, నేను వెనకాలే వస్తా," అంటుంది. ఆటలో దుకాణాలవాళ్ళతో గీచి గీచి బేరమాడుతుంది.

"వాడు మనిషి కాదక్కా, కంప్యూటర్. ధర తగ్గించడు."

"మనిషి కాకపోతే మరీ మంచిది. మొహమాటం లేదు."

బావతో విడిపోయానన్న మాట నాకు ఫోన్లో చెప్పలేదు. ఆ ఆటలో తోడేళ్ళ గుట్ట ఎక్కుతూ, నా వెనక నడుస్తూ చెప్పింది. ఈ దేశంలో నన్ను పలకరించే దిక్కు లేదని నేను ఏడ్చిందీ ఆ గుట్ట మీదే. ఆ ఊరు లేకపోతే మా ఇద్దరికీ మళ్ళీ ఎండల కబుర్లే గతి.

చప్పట్ల మర్నాడు మేనేజరు పిలిచాడు. పక్కనే కోచ్ కూర్చుని ఉంది.

"మీ ఎదుగుదలకు తగ్గ బాధ్యత ఇస్తున్నాం. ఒక పాత ఆటను మూసేయాలి. పరిణతి ఉన్న మనిషి చేతుల మీదుగా జరగాలి," అంటూ తెర నా వైపు తిప్పాడు. అది నేనూ అక్కా కట్టుకున్న ఊరే; దాన్నీ మావాళ్ళు కొనేశారన్నమాట.

"ఇంకా ఆడేవాళ్ళున్నారు కదండీ?"

"ఎవరో కొందరు మొండివాళ్ళు."

ఒళ్ళు మండిపోయింది. "నేను ఎదగలేదండీ! ఒక్క వీడియో చూడలేదు. లాగేసి బటన్ నొక్కానంతే. ఈ పని నాకివ్వకండి!" అని అరిచాను.

కోచ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు ఒప్పుకోవడమే అసలైన ఎదుగుదల," అంటూ అప్పటికప్పుడు బోలెడు పాయింట్లు వేసింది. మాను పైన ఇంకో స్థాయి ఉందని నాకు అప్పుడే తెలిసింది: అడవి.

రాజీనామా చేసి పారేయొచ్చు కదా అంటారు మీరు. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడెవడూ అలా అనడు.

ఆదివారం అక్కకు చెప్పాను.

"ఈ ఊరు మూసేస్తున్నారక్కా."

"ఎవడాడు?"

"మేమే."

"నువ్వుండీ?" అంది. ఆ తర్వాత తిట్టలేదు, ఏడవలేదు, వెళ్ళి వంగ మొక్కలకు నీళ్ళు పోసింది. తిట్టినా బాగుండేది.

మూసే బటన్ నేనే నొక్కాను. నొక్కగానే యాప్ నాకు పాయింట్లిచ్చింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, సబ్బులు కొందామని వీధిలోకి వచ్చాను. ఫోన్ మోగింది.

"తిన్నావా?"

"తిన్నా."

ఉంటా మరి అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"ఎక్కడున్నావ్?"

"మా వీధిలో."

"అలాగే ముందుకు నడువు. నేను వెనకాలే వస్తా."

నడిచాను.

"కుడివైపు ఏముంది?"

తల తిప్పి చూశాను. ఇన్నేళ్ళుగా ఈ వీధినే రోజూ నడుస్తున్నాను. ఏముందో చెప్పలేకపోయాను, బోర్డు చదివి చెప్పాల్సి వచ్చింది. "గడియారాలు బాగుచేసే కొట్టు అక్కా."

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

"ఒక ముసలాయన. నావైపే చూస్తున్నాడు."

"మనిషేనా?"

"మనిషేనక్కా."

"మరింకేం, లోపలికెళ్ళి పలకరించు. నేనిక్కడే ఉన్నా."