స్లాబు కారిన దవాఖాన

పొద్దుగాల్నే వినోద దవాఖాన తలుపులు తెరిచి, ఫ్రిజ్‌లో టీకాల చల్లదనం చూసి రాసింది. ప్రసవాల గదిలో ట్రేలు సర్ది, అదీ రాసింది. ఈ మధ్య చేసే పని కన్నా రాసే పని ఎక్కువైంది. రాత్రి డ్యూటీ కూడా ఆమెదే. అక్కడే మొహం కడుక్కొని, తలకింత నూనె పెట్టుకొని, పగటి డ్యూటీలోకి దిగింది.

వరంగల్ నుంచి నెక్కొండ పోయే తొవ్వలో ఉన్న ఆ చిన్న సర్కారు దవాఖానకు ఆ రోజు నాణ్యత పరీక్ష. "సర్టిఫికెట్ వస్తే ఏటా పైసలు వస్తయి సిస్టర్. ముందుగాల ఇంకో నర్సును పెట్టుకుందాం," అని డాక్టర్ సాయితేజ మాటిచ్చాడు. ఆ మాట పట్టుకొనే వినోద ఇన్ని నెలలు గోడలు కడిగించింది, బోర్డులు రాయించింది, చెత్తడబ్బాలకు రంగులేయించింది.

చిక్కల్లా స్లాబుతోనే వచ్చింది. ఎవరి ప్రాణానికి గండం రాబోతుంటే వాళ్ల మీద ఆ స్లాబు కారేది. నడి ఎండాకాలంలోనైనా అంతే. చుక్క పడగానే ఆయా సుల్తానా బేగం స్ట్రెచర్ తోసుకొచ్చేది, వినోద అంబులెన్సుకు ఫోన్ చేసేది. ఓపీ లైన్లో నిలబడ్డవాళ్లు ఒకసారి నెత్తి తడుముకొని, పొడిగా ఉంటే నిమ్మళంగా ముందుకు జరిగేవాళ్లు. కానీ పరీక్షలో చెమ్మ కనిపిస్తే మార్కులు పోతాయి. అందుకని మేస్త్రీని పిలిచి పైన సిమెంటు పూత వేయించారు, కింద సున్నం కొట్టించారు.

"దాని నోరు మూసినట్టయింది బిడ్డా," అంది సుల్తానా బేగం, కిటికీ తుడుస్తూ.

వినోద ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ రాతలో పడింది. బాధపడడానికి కూడా ఓపిక ఉండాలి.

పరీక్షకు వచ్చిన సదానందం రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. వేరే జిల్లా నుంచి బయలుదేరి వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. "ఇది చూపెట్టండి... ఇదున్నదా... మంచిది," అంటూ గది తర్వాత గది తిరిగాడు. చేతులెట్లా కడుక్కోవాలో సుల్తానా బేగం కడిగి చూపించింది. నెత్తురంటిన దూది ఏ డబ్బాలో వేస్తారని అడిగితే, "పసుపు దాంట్ల సాబ్," అంది. సదానందం తలూపి రాసుకున్నాడు. సాయితేజ మొహంలో నవ్వు ఆగడం లేదు.

డ్రెస్సింగ్ గదిలో సదానందం రాసుకోవడానికి కూర్చున్నాడు. భుజం మీద చుక్క పడింది. తుడుచుకున్నాడు. ఇంకోటి పడింది. పైకి చూస్తే సున్నం తెల్లగా, మరక లేకుండా ఉంది.

"చెమ్మ ఉన్నది," అని సున్నా వేశాడు. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. చుక్క అక్కడా పడింది.

సుల్తానా బేగం వినోద వంక చూసింది. సాయితేజ కూడా చూశాడు. 'ఇప్పుడొద్దు సిస్టర్' అన్నట్టున్నాయి అతని కళ్లు. మిగిలింది ప్రసవాల గది, మందుల గది. జరసేపు నోరు మూసుకుంటే చాలు. పని అయిపోతుంది, ఆయన కారెక్కిపోతాడు. అయ్యేదేదో తొవ్వలో అవుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు వినోదకు తన మీద తనకే భయమేసింది. అలసట మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది.

"సార్, ఛాతిల ఏమన్న బరువుగున్నదా?"

సదానందం పెన్ను ఆగింది. "గ్యాస్ అమ్మా. పొద్దుగాల్నించి ఏం తినలే."

"చుక్క మీ మీదనే పడ్తాంది సార్."

ఆయన తడిసిన భుజం తడుముకున్నాడు. "మా దిక్కు ఒక దవాఖానల, గండమున్నోడొస్తే గడియారం ఆగుతది," అన్నాడు మెల్లగా. "మీ తాన నీళ్లా?"

"ఔ సార్."

"ఇంక రెండు రూములే కద. అయిపోగొట్టుకొని పోత. రేపు ఇంకో ఊరున్నది, ఎల్లుండి ఇంకోటి..."

"రూములు యాడికి పోవు సార్. మీరు పండుకోండి."

ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఏండ్ల నుంచి చూస్తున్నట్టు, సదానందం చెప్పులు విడిచి బల్ల మీద ఒరిగాడు. సాయితేజ గుండె పరీక్ష మిషన్ వైర్లు పెట్టాడు. కాగితం బయటికొస్తుంటే అతని మొహం మారిపోయింది. మార్కుల సంగతి మరిచి, మాత్రలు నమిలించి, తనే పక్కన కూర్చొని అంబులెన్సులో తీసుకుపోయాడు. తలుపు పడేముందు సదానందం వినోద చెయ్యి పట్టుకున్నాడు.

"పరీక్షంత మొదటి సంది మల్ల చెయ్యాలె మీరు. ఏమనుకోకు బిడ్డా."

అంబులెన్సు పోయాక వినోద ఓపీ లైను చూసింది. తర్వాత ఒక పసివాడికి టీకా వేసింది.

పొద్దు వాలకముందే సాయితేజ వరంగల్ నుంచి ఫోన్ చేశాడు. "స్టెంట్ ఏసిన్రు సిస్టర్. జర లేటైతే తొవ్వలనే పోయెటోడన్నరు. పరీక్ష మాత్రం క్యాన్సల్. మల్ల డేటిస్తరట."

"నర్సు సంగతి?"

"అది గూడ అప్పటిదాక ఆగాలె."

వినోద "సరే సార్" అంది. అంతలో ఫోన్ వేరే చేతిలోకి మారింది.

"నేను సదానందం భార్యను, శోభారాణిని. ఆయన నిద్రపోతాండమ్మా. ఇగ ఈ తిరుగుడు చాలంటున్నడు, ఊర్లె ఉంటడట. ఎన్ని దవాఖానలు చూసిండో లెక్కలేదు. మీ లెక్క జర పండుకొమ్మని ఒక్క తాన గూడ అనలేదమ్మా ఎవ్వరు."

ఫోన్ పెట్టేశాక వినోద అట్లాగే నిలబడిపోయింది. సుల్తానా బేగం ఆమె భుజాలు పట్టి, పరీక్ష కోసం కొత్త దుప్పటి పరిచిన మంచం మీద కూర్చోబెట్టింది.

"నువ్వు గూడ జర ఒరుగు బిడ్డా. నేనున్న కద."

వినోద ఒరిగింది. సుల్తానా బేగం స్టూలు గుమ్మంలో వేసుకొని కూర్చుంది. చీటీ రాయించుకోవడానికి ఎవరో ముసలాయన గట్టిగా దగ్గుకుంటూ వస్తే, నోటి మీద వేలుపెట్టి, పక్కనున్న బెంచీ చూపించింది.